ఆదివారం నీళ్ళు

బుధవారం పొద్దున, ఊళ్ళో ఆడవాళ్ళు కడవలెత్తుకొని ఇండ్ల నుంచి బయటికి వచ్చే వేళకు, మా అయివారు కన్నుమూశారు. ఆ పొద్దుటికి ఆయన బావిలో నీళ్ళు లేవు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన రాయడానికి కారణం ఉంది. మంచం పట్టిన తర్వాత ఆయన తన జ్వరం గురించి ఎవరినీ అడగలేదు. బావిలో ఊట ఎంత ఉందని మాత్రం రోజూ అడిగారు. ఆదివారం నీళ్ళకు వచ్చేవాళ్ళు వట్టి కడవలతో తిరిగిపోతున్నారన్న దిగులుతోనే పోయారు.

మా ఊరు కంబదూరు దారిలో ఉంది. అయివారు అంటే మా దిక్కున బడి పంతులు. మా ఊరి మిషను బడిలో ఆయన ఎన్నో ఏండ్లు పాఠాలు చెప్పి, తల పూర్తిగా నెరిశాక మానుకున్నారు. మాది పత్తి ఏకే దూదేకుల ఇల్లు. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఏ సంగతి చెప్పబోయినా, "నువ్వు చూసినావా, విన్నావా?" అని అడిగేవారు. చూసినది చూశానని చెప్పాలి, విన్నది విన్నానని చెప్పాలి. రెండూ కలిపేస్తే బెంచీ ఎక్కించేవారు. పత్రికలో చేరిన తర్వాత కూడా ఆ బెంచీని నేను మరిచిపోలేదు. ఇక్కడ కూడా నేను చూసినదేదో, విన్నదేదో విడిగానే చెబుతాను.

మనిషి బక్కపలచన. భుజం మీద తువ్వాలు, వేళ్ళకు సుద్దపొడి. బడి మానేశాక కూడా ఆ వేళ్ళు తెల్లగానే ఉన్నట్టు అనిపించేది. ఆయనకు ఒక బలహీనత ఉండేది. కంటికి అక్షరం కనబడితే పైకి చదవకుండా ఉండలేరు. బస్సు మీది బోర్డు, అగ్గిపెట్టె మీది పేరు, పెండ్లిలో చదివించిన చెంబు మీద చెక్కిన అక్షరాలు, ఏదైనా సరే. ఎదురుగా మాట్లాడుతున్న మనిషిని ఆపి మరీ చదివేవారు. సంతలో బెల్లం కట్టించుకుంటే దారిలోనే పొట్లం విప్పి కాగితం చదివేవారు.

"ఈయప్పతో సంతకు పోతే కాగితం ఆయనకు, చీమలు నాకు" అనేది వాళ్ళావిడ. ఆమెను మేమంతా అయివారమ్మ అంటాం.

బావి సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. అయివారి పెద్దలు ఊరికి ఎడంగా, పేటలో బతికినవాళ్ళు. ఊరి బావిలో చేద వేసే హక్కు వాళ్ళకు లేదు. ఎవరైనా పోస్తే దోసిలి పట్టాలి, లేకపోతే వంకలో చెలమ తీసుకోవాలి. ఆయన తండ్రి కాలంలోనే వాళ్ళు క్రైస్తవులయ్యారు. మతం మారింది గాని ఊరి బావి దగ్గర లెక్క మారలేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అయివారు వంక పక్కన తమకున్న కాస్త చేనులో సొంతంగా బావి తవ్వారు. బడి వదిలిన తర్వాత ఆయన, ఆయన అన్న, అయివారమ్మ పలుగు, పార, తట్ట పట్టుకొని దిగేవారు. మా నేల సంగతి తెలిసినవాళ్ళకు అది ఎంత పనో చెప్పక్కర్లేదు. మూరెడు మట్టి తీస్తే మిగతాదంతా బండ.

నీళ్ళు పడిన రోజున ఆయన ఆ బురదలోనే మోకాళ్ళూని ప్రార్థన చేశారట. ఇది అయివారమ్మ చెప్పగా విన్నది. "లేసేటప్పుడు పంచెకు బురద, మొగానికి బురద. ఏడస్తాండాడో నవ్వుతాండాడో తెలీలే" అన్నది ఆమె.

అప్పుడే ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. వారంలో ఆరు రోజులు ఎద్దులతో కపిలె తోలి, తోలు బానతో నీళ్ళు తోడి చేనుకు పారిస్తారు. ఆదివారం కపిలె కట్టరు. ఇంట్లోకి కావలసిన నీళ్ళు కూడా శనివారం సాయంత్రమే నింపి పెట్టుకుంటారు. ఆదివారం బావిలో ఊరిన నీళ్ళు ఎవరికి కావాలంటే వాళ్ళవి. వచ్చేది ఏ ఇంటివాళ్ళు, ఏ కులంవాళ్ళు అని అడిగేది లేదు. ఎందుకిట్లా అని నేను ఒకసారి అడిగాను.

"ఆదివారం నేను పని చేయను కదప్పా. దేవుని సన్నిధిలో కూర్చుంటా. నేను కూర్చున్నా బాయి మాత్రం ఊరుతానే ఉంటాది. నేను చెయ్యి కదపకుండా వచ్చిన నీళ్ళు నావి ఎట్ల అవుతాయి? అవి ఎవరు పంపించినాడో ఆయనవి. ఆయన బిడ్డలు వచ్చి తీసుకుంటారు."

ఆయన ఈ మాట పాఠం చెప్పినట్టే చెప్పారు. గొంతులో ఎత్తూ పల్లమూ లేదు.

మొదట్లో ఆ నీళ్ళకు ఎవరూ రాలేదు. మా ఊరి మునసబు రచ్చకట్ట మీద అందరి ఎదుటా, "ఆ బాయి నీళ్ళు నా ఎద్దులు కూడా ముట్టవు" అన్నాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. అయివారు బడికి పోతూ ఆ మాట విన్నారు. నిలబడి, "ఎద్దులకు ఆ సంగతి తెల్దు కదా మునసబుగారూ. దప్పికైతే వస్తాయి. తాగనీండి" అని చెప్పి నడుచుకుంటూ పోయారు. రచ్చకట్ట మీద ఇద్దరు ముగ్గురు నవ్వారు. మునసబు నవ్వలేదు.

ఆ తర్వాత యాభైల మొదట్లో వానలు ఎగ్గొట్టాయి. ఊరి బావి అడుగంటింది. వంకలో చెలమలు ఎంత లోతుకు పోయినా తడి ఇసుకే వచ్చేది. అయివారి బావి బండ సందులో పడింది గనుక కొంచెం కొంచెంగా ఊరుతూనే ఉండేది. తొలి ఆదివారం కడవ తీసుకొని పోయింది మా అమ్మ. ఇది మా ఇంటి సంగతే గనుక నేను చూసినదే. అయివారమ్మకు, మా అమ్మకు చనువు ఉండేది. కడవ నింపుకొని ఊరి నడివీధిలోంచి వస్తుంటే ఒకావిడ, "యాడివే ఆ నీళ్ళు?" అని అడిగింది. "ఆదివారానివి" అన్నది మా అమ్మ, ఆగకుండా. ఆ మాట ఊళ్ళో నిలబడిపోయింది.

తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలైంది. అయితే ఎవరూ చూడకుండా రావాలి. ముఖ్యంగా అయివారు చూడకూడదు. ఇన్నాళ్ళూ ఎవరికి దోసిట్లో పోశారో ఆ ఇంటి బావికి కడవ పట్టుకొని రావడమంటే మామూలు సంగతి కాదు. ఆ సిగ్గు ఎట్లాంటిదో ఆయనకు తెలుసు. దోసిలి పట్టిన మనిషి కదా.

ఆయన ఏం చేశారంటే, ఆదివారం పూర్తిగా అక్కడ లేకుండా పోయేవారు. వాళ్ళు ప్రార్థనకు పోయే గుడి పక్క ఊళ్ళో ఉంది, దారిలో రెండు వంకలు దాటాలి. పొద్దున్నే ఇంటిల్లిపాదీ బయలుదేరితే సాయంత్రం ఎండ తగ్గాకే తిరిగివచ్చేవారు. చేను చుట్టూ కిత్తనార కంచె ఉండేది. వంక దిక్కున ఆ కంచెలో మనిషి పట్టేంత సందు చేశారు, ఊరి దారిలో కనబడకుండా రావడానికి. బావి మీది గిలక కీచుమనేది. కీచుమంటే ఊరంతా వినబడుతుంది. అందుకని ప్రతి శనివారం సాయంత్రం ఆ గిలకకు ఆముదం పూసేవారు. తిరిగి వచ్చేటప్పుడు వంక దగ్గరికి రాగానే పాట ఎత్తుకునేవారు. ఆయనకు సంగీతం రాదు. బడిలో ప్రార్థన గీతం ఆయన మొదలుపెడితే మేము దాన్ని పట్టుకోవడానికి నానా తంటాలు పడేవాళ్ళం. అట్లాంటి మనిషి గొంతెత్తి పాడుతూ వచ్చేవారంటే కారణం ఒక్కటే. బావి దగ్గర ఎవరైనా ఉంటే పాట విని కడవ ఎత్తుకొని సందులోంచి వెళ్ళిపోవడానికి వ్యవధి ఉండాలి.

ఒక ఆదివారం పాస్టరుగారికి జ్వరం వచ్చి ప్రార్థన తొందరగా ముగిసింది. అయివారు ఇంటికి రాలేదు. రోడ్డు కింద వాననీళ్ళు పోయే మోరీ మీద భార్యనూ కూతురినీ కూర్చోబెట్టి తానూ కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం. కంబదూరు నుంచి బస్సులో వస్తున్న నేను వాళ్ళను చూసి దిగాను.

"ఏమైందమ్మా, ఈడ కూర్చున్నారు?" అన్నాను.

"మీ అయివారినే అడుగు" అన్నది అయివారమ్మ. "ఇల్లుండాది, వాకిలుండాది, మంచముండాది. మోరీ మీద కూర్చోబెట్టినాడు. గాడిదలు కూడా నీడకు పోయినాయి చూడు."

"ఇప్పుడు పోతే ఎవరన్నా ఉంటారేమోనే" అన్నారు అయివారు.

"పాట పాడు. పోతారు."

"ఇప్పుడే వచ్చింటారు. బిందె సగంలో ఉంటాది. సగం బిందెతో ఎట్ల పంపిస్తాము?"

ఆమె కొంగు తల మీదికి లాక్కొని అటు తిరిగి కూర్చుంది. కోపం నిజమే. లేచి మాత్రం పోలేదు. నేనూ వాళ్ళతోపాటు మోరీ మీదే కూర్చున్నాను. ఆయన నా చేతిలో ఉన్న పేపరు తీసుకొని, పైన పత్రిక పేరు దగ్గర నుంచి కింద అచ్చాఫీసు పేరు దాకా పైకి చదివారు.

ఆ కరువులో నేను అధికారుల జీపుల వెంట గంజి కేంద్రాలు తిరిగి వార్తలు రాస్తున్నాను. నా సొంత ఊళ్ళో ఇంత పెద్ద వార్త ఉంటే వదిలిపెడతానా? ఒకరోజు కాగితం, పెన్సిలు తీసుకొని ఆయన దగ్గరికి పోయాను.

"ఆదివారం ఎవరెవరు వస్తాండారు అయివారూ?"

"నేనాడ ఉండను కదప్పా. చూడనిది చెప్పమంటావా?"

"పోనీ, వినింది చెప్పండి."

"విననీకి కూడా లేదు. ఆముదం పూసేది అందుకే."

తాను నేర్పిన పాఠంతోనే నన్ను కొట్టారు. నేను పెన్సిలు జేబులో పెట్టుకుంటుంటే, ఈసారి కాస్త మెత్తగా అన్నారు. "రాయొద్దప్పా. రాస్తే వాళ్ళు రారు. వాళ్ళు రాకుంటే నీ పేపరు పిండితే నీళ్ళొస్తాయా?"

రాయలేదు. సాక్షి లేని వార్త ఎట్లాగూ రాయలేను. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

ఆదివారం నియమం ఆయనకు తేలికగా జరగలేదు. ఆ ఏడు బావిలో ఊట తగ్గిపోయి వాళ్ళ రాగి మడి ఒక పక్క నుంచి ఎండుతూ వచ్చింది. ఆదివారం నీళ్ళు కూడా పారిస్తే మడి నిలబడుతుంది. అయివారమ్మ ఆ మాట చాలాసార్లు చెప్పింది. చివరికి ఒకనాడు గట్టిగానే అడిగింది. "మన మడి ఎండబెట్టమని దేవుడు నీకు చెప్పినాడా?"

"అడిగి చూస్తా" అన్నారట ఆయన.

ఆయన పొద్దున్నే బావి గట్టు మీద కూర్చొని ప్రార్థన చేసేవారు. కళ్ళు మూసుకొని, పెదాలు మాత్రం కదిలేవి. దారిన పోయేవాళ్ళు, "ఏమప్పా అయివారూ, బాయితో మాట్లాడుతుండావా?" అని ఎగతాళి చేసేవారు. "బాయి ఇచ్చినాయనతో" అనేవారు కళ్ళు తెరవకుండానే. ఆ పొద్దున మామూలు కంటే చాలాసేపు కూర్చున్నారట. లేచి వచ్చాక ఆమె అడిగింది. "ఏం చెప్పినాడు?"

"ఏమీ చెప్పలే."

"మరి?"

"కొత్తగా ఏమీ చెప్పలేదంటే పాతమాటే కదా."

సగం మడి ఎండిపోయింది. "సగం మడితోనే ఆ ఏడు గడిపినాము. చచ్చిపోలే కదా" అని అయివారమ్మ ఈమధ్య నాతో అన్నది. ఆ మాటలో నిష్ఠూరం ఉంది. కొంచెం గర్వం కూడా ఉంది.

ఇంకొకటి. ఇది కూడా ఆమె చెప్పిందే. ఒక ఆదివారం సాయంత్రం వాళ్ళు పాట పాడుకుంటూ తిరిగివచ్చేసరికి బావి గట్టు మీద నిండుగా నీళ్ళతో ఒక ఇత్తడి బిందె ఉంది. ఎవరో కంగారులో వదిలి పారిపోయారు. మా దిక్కున ఇత్తడి సామాను మీద ఇంటివాళ్ళ పేరు చెక్కించుకుంటారు. ఆ బిందె మెడ మీద కూడా పేరు చెక్కి ఉంది.

"పేరుండాది చూడు" అన్నది అయివారమ్మ.

ఆయన వెంటనే మొహం అటు తిప్పుకున్నారు. "గోనెపట్ట తే" అన్నారు.

చూడకుండానే తడుముకుంటూ బిందె మీద గోనెపట్ట కప్పారు. వారమంతా ఆ బిందె అట్లాగే గట్టు మీద ఉంది. ఆయన దాని పక్కనే కపిలె తోలారు, దాని పక్కనే కూర్చొని ప్రార్థన చేశారు. బెల్లం పొట్లాన్ని కూడా వదలని మనిషి.

"చదవాలని ఆయప్పకు నోరూరుతాండె" అన్నది ఆమె నవ్వుతూ. "గోనెపట్ట దిక్కు చూసేది, తల తిప్పుకొనేది. చిన్నపిల్లోళ్ళు ఉట్టి దిక్కు చూసినట్ల."

"నువ్వు చదివినావా అమ్మా?"

"చదవకుండా ఉంటానా? ఆయన దేవుని మనిషి. నేను మామూలు మనిషిని."

"ఎవరిది?"

"ఆయప్పకే చెప్పలే. నీకు చెప్తానా?"

తర్వాతి ఆదివారం వాళ్ళు గుడి నుంచి వచ్చేసరికి బిందె లేదు. గోనెపట్ట మడతపెట్టి గట్టు మీద పెట్టి ఉంది.

ఇట్లా మరుగున ఎందుకు ఇవ్వాలి, ఎదురుగా నిలబడి ఇస్తే వచ్చే పాపమేమిటి అని నేను ఆయనతో వాదించిన రోజులున్నాయి. ఎదురుగా ఇస్తే తీసుకున్నవాళ్ళ మనసు మారుతుందేమో, ఊళ్ళో అంటుముట్టు కాస్త తగ్గుతుందేమో అన్నది నా వాదన. ఇప్పటికీ అందులో కొంత నిజం ఉందనే అనుకుంటాను. ఆయన కాదనలేదు. "వాన పడినప్పుడు దేవుడు మన వాకిట్లో నిలబడి, దండం పెట్టినామా లేదా అని చూసినాడా అప్పా? నాకు ఆయన ఇచ్చినట్లే నేనూ ఇచ్చేది. ఇంకో తీరు నాకు రాదు" అన్నారు.

ఈ ఏడు మళ్ళీ వానలు లేవు. పోయిన ఏడాది వంక పొంగినప్పుడు బావిలోకి ఇసుక, మట్టి దిగి పూడిపోయింది. అప్పటి నుంచీ పూడిక తీయించాలని అయివారు అనుకుంటూనే ఉన్నారు. ఆయనకు చేతకాని వయసు. కూలికి వచ్చే మగవాళ్ళంతా పనులు వెతుక్కుంటూ బళ్ళారి దిక్కు పోయారు. ఎండలు ముదిరేసరికి బావిలో బురద తప్ప ఏమీ లేదు. పూడిక తీసి, కింద బండను కాస్త తొలిస్తే ఊట తెరుచుకుంటుందని ఆయన నమ్మకం. అది నిజమో కాదో నేను చెప్పలేను. దిగి చూస్తే గాని తెలియదు.

పోయిన వారం నేను చూడబోయినప్పుడు మంచం మీద నుంచే అడిగారు. "బాయి చూసినావా?"

"చూసినాను అయివారూ. బురదుండాది."

"చూసినాను" అన్న మాటకు తల ఊపారు. తర్వాత, "నీళ్ళు లేవని వాళ్ళకు ఎవరన్నా చెప్పినారో లేదో. ఊరికే అంత దూరం కడవలు మోసుకొని వస్తారేమో" అన్నారు.

ఆయన బతికిన చివరి ఆదివారం గుడికి పోయే శక్తి లేదు. అయివారమ్మ కూడా ఉండిపోయింది. పొద్దెక్కేసరికి ఆయన ఆమెను పిలిచి తలుపు, కిటికీ మూయమన్నారట. ఇల్లు చేనులోనే, బావికి ఎదురుగానే ఉంది.

"ఉక్క పోస్తాది కదయ్యా" అన్నది ఆమె.

"నేను ఇంట్లో ఉండానని తెలిస్తే సిగ్గుపడతారు. ఎయ్యి."

"బాయిలో నీళ్ళే లేవు. ఎవరొస్తారు?"

"చూసిపోనీకి వస్తారు. ఎయ్యి."

ఆ ఎండలో తలుపులు వేసుకొని ఇద్దరూ సాయంత్రం దాకా చీకట్లో ఉన్నారు. ఎవరైనా వచ్చారో లేదో వాళ్ళకు తెలియదు.

ఆదోని దిక్కు ఇచ్చిన కూతురు వచ్చిన తర్వాత గురువారం మట్టి చేశారు. తల్లిని తనతో తీసుకుపోవాలని కూతురి ఉద్దేశం. ఒంటరి మనిషిని, నీళ్ళు లేని చేను దగ్గర వదలలేనన్నది. అందులో తప్పేమీ లేదు. అయివారమ్మ మాత్రం, "బాయిలో నీళ్ళుంటే ఈడనే ఉంటా. లేకుంటే నువ్వు చెప్పినట్లే" అన్నది. అంటే బావి ఎండితే ఇల్లు మూతపడుతుంది. ఇల్లు మూతపడితే ఆదివారం నీళ్ళు ఉండవు. సమాధి దగ్గర నిలబడిన మా అందరికీ ఆ సంగతి తెలుసు.

మునసబు సమాధుల తోట లోపలికి రాలేదు. కంచె అవతల కర్ర ఊతంగా పెట్టుకొని, మట్టి పోయడం పూర్తయ్యేదాకా నిలబడే ఉన్నాడు. ఆయనా ముసలివాడైపోయాడు. అందరూ కదిలాక నన్ను చెయ్యెత్తి పిలిచాడు.

"ఏమప్పా పేపరు సాయిబూ, అమ్మను కూతురు తోడుకొని పోతాదంటనే?"

"బాయిలో నీళ్ళు లేకుంటే పోతారు మునసబుగారూ."

"పోతే ఆదివారం?"

ఆయన నోట ఆదివారం అన్న మాట నేను వినడం అదే మొదలు. ఆయన కర్రతో నేల మీద రాళ్ళను అటూ ఇటూ నెట్టాడు.

"ఆ బిందె మాదేనప్పా" అన్నాడు.

రాళ్ళను నెట్టడం ఆపి మళ్ళీ అందుకున్నాడు.

"ఇన్నేండ్లూ ఎదురుచూసినా. ఈరోజు అంటాడు, రేపు అంటాడు అని. రచ్చకట్ట మీద నేనన్న మాటకు అందరి ముందర జవాబు చెప్పనీకి ఆ బిందె ఒక్కటి చాలు. చెప్పలే. దారిలో కనపడితే నమస్కారం పెట్టినాడు, పోయినాడు. ఆ నమస్కారానికే నాకు చెమటలు పట్టేవి."

"ఆయనకు తెలీదు మునసబుగారూ. పేరు చదవలే. గోనెపట్ట కప్పినాడు."

"అబద్దం చెప్పొద్దు" అన్నాడు ఆయన కోపంగా. "అక్షరం కనపడితే చదవకుండా ఉండే మనిషా? నా బండి మీది నంబరు కూడా చదివినాడు."

"అయివారమ్మ చెప్పింది. వారమంతా మొగం తిప్పుకొని తిరిగినాడంట."

మునసబు సమాధి దిక్కు చూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకొని, గొంతు మార్చి, ఊరి పని చెప్పేటప్పటి మాటతీరులోకి వచ్చాడు.

"ఆదివారం ఆమె గుడికి పోయినాక దిగుతాం. నా కొడుకులిద్దరూ వస్తారు. పేట నుంచి కూడా వస్తామన్నారు. పూడిక లాగనీకి నా ఎద్దులే. మొదట నేనే దిగుతా."

"ఈ వయసులోనా?"

"నీళ్ళు తాగినప్పుడు వయసు అడిగినారా?" అన్నాడు. వెంటనే సర్దుకొని, "మా ఇంట్లో ఆడోళ్ళు తెచ్చినారు. నేను తాగినానని ఎవరన్నారు?" అన్నాడు. మళ్ళీ, "ఆమెకు చెప్పొద్దు. చెప్తే గుడి మానుకొని అందరికీ సంగటి చేస్తా కూర్చుంటాది" అన్నాడు.

పాస్టరుగారి దగ్గరికి అంతకుముందే పోయి వచ్చాడట. ఆ సంగతి పాస్టరుగారే నాకు చెప్పారు. "ఈ ఆదివారం ప్రార్థన కొంచెం పొడుగు చెయ్యండి సామీ" అని మునసబు అడిగితే, "మీరు అడగకపోయినా అది నేను చేసేదే" అన్నారట పాస్టరుగారు.

ఈ మాటలన్నీ రాయవచ్చునా అని మునసబును అడిగాను.

"పేపరు మన ఊరికి ఎప్పుడొస్తాది?"

"సోమవారం బస్సుకు."

"అయితే రాసుకో. పేరు మాత్రం ఎయ్యొద్దు. మునసబు అని రాయి. ఈ తాలూకాలో మునసబులు కొదవా?"

శుక్రవారం ఇది రాసి ఇస్తున్నాను. శనివారం సాయంత్రం ఊరికి పోతాను. గిలకకు ఆముదం పూయాలని, తన చేతులు వణుకుతున్నాయని అయివారమ్మ నాతో అన్నది. బావిలో నీళ్ళు లేని ఈ వారాల్లో కూడా ఆమె ఆ పని మానలేదు. ఆదివారం పొద్దున కూతురితో కలిసి ఆమె గుడికి బయలుదేరుతుంది. వాళ్ళు రెండో వంక దాటగానే మునసబు, ఆయనతో వచ్చినవాళ్ళు బావిలోకి దిగుతారు. సాయంత్రం పాస్టరుగారూ మరికొందరూ ఆమెను ఇంటిదాకా దిగబెట్టడానికి తోడు వస్తారు. వంక దగ్గరికి రాగానే వాళ్ళు పాట ఎత్తుకోవాలి. అది వినబడగానే వీళ్ళు పలుగులు, తట్టలు ఎత్తుకొని, ఎద్దులను విప్పుకొని, కంచె సందులోంచి వెళ్ళిపోవాలి.